టెక్ సందేహాలు: ముందు విడుదల, తర్వాత రిపేరు... ఇలాంటి గేములు కొనాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా కొత్త గేముల మీదే. డబ్బు పూర్తిగా కట్టించుకుని, సగం వండిన గేమ్ చేతిలో పెడుతున్నారన్నది అందరి బాధ. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేవారానికి వాయిదా వేసి ఇవే తీసుకుంటున్నాను.

అన్నయ్య తన పాత పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4 గేమ్ మెషీన్) నాకిచ్చాడు. సైబర్‌పంక్ 2077 విడుదలైనప్పుడు ఘోరంగా ఉన్నా ఇప్పుడు అద్భుతంగా ఉందని ఫ్రెండ్స్ అంటున్నారు. సేల్‌లో తక్కువకే దొరుకుతోంది. కొనొచ్చా? – బీటెక్ విద్యార్థి, వరంగల్

పీఎస్4 కోసమైతే కొనకండి. మీ ఫ్రెండ్స్ చెప్పింది నిజమే. కానీ వాళ్లు మెచ్చుకుంటున్న గేమ్ మీ మెషీన్‌కు రాదు.

పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ ఈ గేమ్‌ను 2020 ఏప్రిల్‌లో తేవాల్సింది. మూడుసార్లు వాయిదా వేసి డిసెంబర్ 10న విడుదల చేసింది. అప్పటికే 80 లక్షల ప్రీ-ఆర్డర్లు (విడుదలకు ముందే చేసే కొనుగోళ్లు) వచ్చాయని సంస్థే ప్రకటించింది. విడుదలకు ముందు రివ్యూలు రాసేవాళ్లకు ఇచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే. అందులోనూ వాళ్లు రికార్డు చేసుకున్న వీడియో చూపకూడదు, సంస్థ ఇచ్చిన క్లిప్పులే వాడాలి. దాంతో పీఎస్4లో, ఎక్స్‌బాక్స్ వన్‌లో గేమ్ ఎలా నడుస్తుందో కొనేవాళ్లకు తెలిసే దారే లేకపోయింది. డబ్బు కట్టాకే చూశారు. మసక బొమ్మలు, మాటిమాటికీ క్రాష్‌లు, కళ్లముందే మాయమయ్యే మనుషులు. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి గేమ్‌నే తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తామంది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో.

ఆ తర్వాత సంస్థ ఏళ్ల తరబడి కష్టపడి గేమ్‌ను బాగుచేసింది. పాత్ర నైపుణ్యాలు, పోలీసుల ప్రవర్తన వంటివి మూలం నుంచి మార్చేసిన 2.0 అప్‌డేట్ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. అందరూ పొగిడేది దీన్నే. ఇది అప్పట్లో పీసీకి, పీఎస్5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ మెషీన్లకు మాత్రమే ఇచ్చారు. పీఎస్4కు అందిన చివరి పెద్ద అప్‌డేట్ 2022 నాటి 1.6. అంటే మొదటిరోజు అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఎవరో, అసలైన మరమ్మతు అందనిది కూడా వాళ్లకే. ‘సైబర్‌పంక్ కోలుకుంది’ అని రాసే వ్యాసాల్లో ఈ ముక్క తరచూ కనిపించదు. నాకు ఈ కథ మొత్తంలో మింగుడుపడనిది ఇదే.

పీసీలో ఆడేవాళ్లకు ఒక మాట. ఇప్పుడు ఈ గేమ్‌కు ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే స్టోరేజ్) తప్పనిసరి. పాత హార్డ్ డిస్క్‌కు సపోర్ట్ ఆపేశామని సంస్థే చెప్పింది.

మా అబ్బాయి ఓ కొత్త గేమ్ డీలక్స్ ఎడిషన్ ప్రీ-ఆర్డర్ చేయమని పట్టుబడుతున్నాడు. మూడు రోజులు ముందే ఆడొచ్చట. నచ్చకపోతే డబ్బు వెనక్కి వస్తుందా? – ఉద్యోగి, కర్నూలు

డిజిటల్ గేమ్‌కు స్టాక్ అయిపోవడం ఉండదు. విడుదల రోజైనా, నెల తర్వాతైనా అదే ఫైలు దొరుకుతుంది. కాబట్టి ముందే కొనడం వల్ల మీకు అదనంగా వచ్చేది పాత్రకు తొడిగే ఓ చొక్కా, లేదా ఆ మూడు రోజుల ఆట. సంస్థకు మాత్రం రివ్యూలు రాకముందే డబ్బు అందుతుంది. అబ్బాయికి ఈ లెక్క విడమరిచి చెప్పండి, పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు.

అయినా కొనక తప్పకపోతే ఎక్కడ కొంటున్నారో చూసుకోండి. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో అయితే, విడుదలకు ముందు ఆడే వీలు లేని ప్రీ-ఆర్డర్‌ను విడుదల వరకు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. విడుదలయ్యాక 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడితే కారణం ఏదైనా డబ్బు ఇచ్చేస్తారు. డబ్బు కట్టిన ఖాతాకే వస్తుంది. మీరు కట్టిన పద్ధతికి ఆ సౌకర్యం లేకపోతే స్టీమ్ వాలెట్‌లో పడుతుంది. అయితే డీలక్స్‌లో ముందుగా ఆడే ఆ మూడు రోజుల సమయం కూడా రెండు గంటల్లో కలుస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఇదే. శుక్రవారం రావాల్సిన గేమ్‌ను మంగళవారం రాత్రి మూడు గంటలు ఆడేస్తే, విడుదల కాకముందే ఆ హక్కు పోయినట్టే.

ప్లేస్టేషన్‌లో రూల్ ఇంకా కఠినం. కొన్న గేమ్ డౌన్‌లోడ్ మొదలైతే చాలు, సాధారణంగా రిఫండ్ ఇవ్వరు. ప్రీ-ఆర్డర్ గేములు విడుదలకు కొన్ని రోజుల ముందే వాటంతట అవే డౌన్‌లోడ్ అవుతుంటాయి. ఆటో డౌన్‌లోడ్ ఆపి ఉంచండి. రివ్యూలు చూశాకే డౌన్‌లోడ్ నొక్కండి.

నా ల్యాప్‌టాప్‌లో 6 జీబీ గ్రాఫిక్స్ కార్డ్ ఉంది. బాక్స్ మీద రాసిన కనీస అవసరాలన్నీ ఉన్నా కొత్త గేమ్ రెండు నిమిషాలకోసారి ఆగి ఆగి నడుస్తోంది. తప్పు నా ల్యాప్‌టాప్‌దా, గేమ్‌దా? – డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

మీరే తేల్చుకోవచ్చు. ఆగిన చోటును గుర్తుపెట్టుకుని, గేమ్ మూయకుండా అదే దారిలో మళ్లీ నడవండి. రెండోసారి ఆగకపోతే అది చాలావరకు షేడర్ల సమస్య. షేడర్ అంటే నీళ్లు ఎలా మెరవాలి, గోడమీద వెలుగు ఎలా పడాలి వంటివి గ్రాఫిక్స్ కార్డ్‌కు చెప్పే చిన్న ప్రోగ్రామ్. ప్లేస్టేషన్‌లో అందరిదీ ఒకటే చిప్ కాబట్టి వాటిని ముందే తయారుచేసి పంపుతారు. పీసీల్లో వందల రకాల కార్డులు, డ్రైవర్లు. అందుకే మీ దగ్గరే తయారవ్వాలి. మంచి గేములు ఈ పనిని మెనూలోనే ముగిస్తాయి. తొందరపడి దాన్ని స్కిప్ చేయకండి, డ్రైవర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ జరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

అదే చోట ప్రతిసారీ ఆగుతుంటే ముందు టెక్స్‌చర్ క్వాలిటీని (గోడలు, బట్టల వంటివాటి పైన కనిపించే బొమ్మల నాణ్యతను) ఒక మెట్టు దించండి. 6 జీబీ మెమరీ నిండిపోయినప్పుడు పనిచేసే చిట్కా ఇదే, రిజల్యూషన్ తగ్గించినా అంత ఫలితం ఉండదు. ఫ్రేమ్ రేట్‌ను (సెకనుకు తెరమీద మారే బొమ్మల సంఖ్యను) 60కో 40కో పరిమితం చేయండి. ఛార్జర్ పెట్టే ఆడండి. ఇవన్నీ చేసినా మారకపోతే లోపం చాలావరకు గేమ్‌దే. 2015లో బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ నైట్ పీసీ వెర్షన్ ఎంత పాడుగా వచ్చిందంటే, ఖరీదైన కార్డులున్నవాళ్లకీ నడవక సంస్థ ఒకట్రెండు రోజుల్లోనే అమ్మకం ఆపేసింది. తిరిగి పెట్టింది అక్టోబర్ చివర్లో. కాబట్టి అప్పుచేసి కొత్త ల్యాప్‌టాప్ కొనే ఆలోచన ఉంటే ఆపండి.

ఇక్కడే ఇంకో చిక్కుంది. 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1 పీసీకి వచ్చినప్పుడు, చాలామందికి షేడర్లు తయారవడానికే బోలెడు సమయం పట్టింది. స్టీమ్ లెక్కలో అదీ ఆడిన సమయమే. గేమ్ ఎలా ఉందో చూడకముందే రిఫండ్ గంటలు కరిగిపోయాయి. అలాంటప్పుడు రెండు గంటలు దాటినా రిఫండ్ అడగండి, కారణం వివరంగా రాయండి. గడువు దాటిన దరఖాస్తులనూ పరిశీలిస్తామని స్టీమ్ చెబుతోంది.

నెట్ స్లో అనే డిస్క్ కొన్నాను. పెట్టగానే 40 జీబీ అప్‌డేట్ అడిగింది. ఇంక డిస్క్ ఎందుకు? – తెనాలి పాఠకుడు

డిస్కులు ముద్రించి దుకాణాలకు చేర్చడానికి వారాలు పడుతుంది. అందుకని ఒక తేదీన గేమ్‌కు ‘గోల్డ్’ అని పేరుపెట్టి ముద్రణకు పంపి, ఆ వారాల్లో మిగతా తప్పులు దిద్దుతూనే ఉంటారు. ఆ దిద్దుబాట్ల మూటే మీరు చూసిన అప్‌డేట్. సోనీ, మైక్రోసాఫ్ట్ కూడా విడుదలకు ముందు పరీక్ష పెడతాయి. కానీ ఆ పరీక్ష ముఖ్యంగా సేవ్ ఫైళ్లు, ఖాతాలు, ట్రోఫీలు తమ నిబంధనల ప్రకారం ఉన్నాయా అని చూడటానికే. గేమ్ పూర్తయిందా, బాగుందా అన్నది అందులో తేలదు.

పీఎస్2 రోజుల్లో డిస్క్ ఇంటికొచ్చాక దిద్దే అవకాశమే దాదాపు లేదు, అందుకే పూర్తిచేసి పంపక తప్పేది కాదు. ఎక్స్‌బాక్స్ 360కి వచ్చేసరికి అప్‌డేట్లు వచ్చినా, మొదటిదాని తర్వాతి వాటికి మైక్రోసాఫ్ట్ గేమ్ సంస్థల నుంచి రుసుము తీసుకునేది. 2013లో అదీ ఎత్తేసింది. చిన్న సంస్థలకు అది పెద్ద మేలు, కాదనను. కానీ తర్వాత దిద్దడం సులువయ్యేకొద్దీ ముందే పూర్తిచేయాలన్న ఒత్తిడి తగ్గింది. 2018లో ఫాల్‌అవుట్ 76 గేమ్ కన్సోళ్లలో (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి మెషీన్లలో) మొదటిరోజే 50 జీబీ దాటిన అప్‌డేట్‌తో వచ్చింది. రోజుకు 2 జీబీ మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే ఇంట్లో అది నెలరోజుల పని.

నెట్ కేబుల్ తీసేసి ఒకసారి ప్రయత్నించండి. చాలా గేములు అప్‌డేట్ లేకుండా కూడా మొదలవుతాయి. డిస్క్ కొనేముందు ‘డజ్ ఇట్ ప్లే’ అనే సైట్ చూడండి. ఏ డిస్క్ నెట్ లేకుండా నడుస్తుందో ఔత్సాహికులు పరీక్షించి అందులో పెడుతున్నారు.

నేను ఒక గేమ్ స్టూడియోలో ప్రోగ్రామర్‌ని. ప్రతి లాంచ్‌కూ మమ్మల్నే తిడతారు. బగ్ ఉందని మాకు తెలియదనుకుంటారా? – హైదరాబాద్

మీ ప్రశ్న చదివి బాధపడ్డాను. చాలాసార్లు ఆ బగ్ జాబితాలో ఎప్పుడో నమోదై ఉంటుంది. దాన్ని దిద్దే సమయం ఇవ్వనిది వేరేవాళ్లు. విడుదల తేదీ ఆర్థిక సంవత్సరాన్ని బట్టో, డిసెంబర్ సెలవుల అమ్మకాలను బట్టో, ముందే కొన్న ప్రకటనలను బట్టో ఖాయమవుతుంది. కోడ్ ఎంత పూర్తయిందన్నది ఆ లెక్కలో చివర్లో వస్తుంది. 2021 జనవరిలో సీడీ ప్రాజెక్ట్ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో క్షమాపణ చెబుతూ, విడుదల చేయాలన్న నిర్ణయం తనదీ బోర్డుదీ అని, తమ టీమ్‌ను నిందించవద్దని కోరారు. అలా ఒప్పుకునేవాళ్లు ఇంకా అరుదే.

పాఠకులకు నా విన్నపం ఇది. తిట్లు రాసే ఓపికను రివ్యూ రాయడంలో పెట్టండి. ఏ మెషీన్, ఏ సెట్టింగ్, ఎక్కడ ఆగింది అని రాస్తే దిద్దేవాళ్లకు ఆధారం దొరుకుతుంది, కొనేవాళ్లకు నిజం తెలుస్తుంది. ప్రోగ్రామర్ల పేర్లు వెతికి బెదిరించడం మాత్రం ఏ కోపంతోనూ సమర్థించలేం.

నో మ్యాన్స్ స్కైలా ఏ గేమైనా ఎప్పటికో బాగుపడుతుంది కదా? మరి కొని ఉంచుకుంటే తప్పేంటి? – న్యూజెర్సీ నుంచి

అందరూ చెప్పే ఉదాహరణ అదే, ఎందుకంటే అలాంటివి కొన్నే. 2016 ఆగస్టులో ఆ గేమ్ వచ్చినప్పుడు ఇద్దరు ప్లేయర్లు ఒకే గ్రహం మీద, ఒకే చోట నిలబడినా ఒకరికొకరు కనిపించలేదు. కలిసి ఆడే సౌకర్యం సరిగ్గా రావడానికి 2018 జులై దాకా పట్టింది. హలో గేమ్స్ అనే ఆ చిన్న బ్రిటిష్ సంస్థ ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఉచితంగా ఇస్తూనే వచ్చింది. గౌరవించాల్సిన పని.

కానీ రెండో వైపు చూడండి. బయోవేర్ సంస్థ 2019లో తెచ్చిన యాంథమ్ గేమ్‌ను పూర్తిగా తిరగరాస్తామని చెప్పి, 2021 ఫిబ్రవరిలో ఆ ప్రయత్నం మానేశారు. సర్వర్లు 2026 జనవరి 12తో మూసేస్తామని ప్రకటించారు. ఎప్పుడూ ఆన్‌లైన్‌లోనే నడిచే గేమ్ కాబట్టి, సర్వర్లు లేకపోతే డబ్బు పెట్టి కొన్నవాళ్లకూ ఆడటానికి ఏమీ మిగలదు. 2023 మేలో వచ్చిన రెడ్‌ఫాల్‌కు కొత్త పాత్రలు ఇస్తామని ముందే అమ్మారు. ఏడాదికే దాన్ని తయారుచేసిన ఆర్కేన్ ఆస్టిన్ స్టూడియోను మైక్రోసాఫ్ట్ మూసేసింది, ఆ పాత్రలు రానేలేదు. చివరి అప్‌డేట్‌లో నెట్ లేకుండా ఆడే సౌకర్యం ఇవ్వడం ఒక్కటే ఊరట. ఏ గేమ్ కోలుకుంటుందో, ఏది ఆగిపోతుందో కొనే రోజున మనకు తెలియదు. తెలిసేది ఆ రోజు అది ఎలా ఉందన్నది మాత్రమే, ధర కట్టాల్సింది దానికే.

అసంపూర్తిగా ఉందని చెప్పి అమ్మే పద్ధతి కూడా ఉంది, దాన్ని ఇందులో కలపను. బల్దూర్స్ గేట్ 3ని లేరియన్ స్టూడియోస్ 2020 అక్టోబర్‌లో ‘ఎర్లీ యాక్సెస్’ అని స్పష్టంగా రాసి మొదటి భాగం మాత్రమే అమ్మింది. దాదాపు మూడేళ్లు ప్లేయర్ల అభిప్రాయాలు విని, 2023 ఆగస్టులో పూర్తి గేమ్ ఇచ్చింది. ముందు కొన్నవాళ్లకు తామేం కొంటున్నారో తెలుసు. మీరు అలాంటిది కొనాలనుకుంటే స్టీమ్ పేజీలో రెండు చూడండి. చివరి అప్‌డేట్ ఎప్పుడు వచ్చింది, ‘ఇటీవలి రివ్యూలు’ ఎలా ఉన్నాయి. ఆరేడు నెలలుగా అప్‌డేటే లేకపోతే విష్‌లిస్ట్‌లో పెట్టి వదిలేయండి, తగ్గింపు వచ్చినప్పుడు స్టీమే మెయిల్ పంపుతుంది.