సీట్లు 18, పట్టు ఉడుంపట్టు

ప్రశ్న: ఇజ్రాయెల్ పార్లమెంటులో 120 సీట్లుంటే షాస్, యునైటెడ్ తోరా జుడాయిజం అనే మతపార్టీలు రెండింటికీ కలిపి 2022లో వచ్చినవి 18. అయినా ప్రధానులు వాళ్లంటే ఎందుకంత హడలిపోతారు? వాళ్ల కుర్రాళ్లు సైన్యంలో చేరరట, నిజమేనా?

జవాబు: అక్కడ ఇంతవరకూ ఏ పార్టీకీ సొంతంగా 61 సీట్లు రాలేదండీ. దామాషా పద్ధతి కాబట్టి 3.25 శాతం ఓట్లు తెచ్చుకున్నవాళ్లంతా సభలోకి వస్తారు. 2022లో నెతన్యాహు లికుడ్‌కు వచ్చినవి 32. మీరు చెప్పిన 18, మత జాతీయవాదులైన స్మోట్రిచ్, బెన్‌గ్విర్‌ల కూటమి తెచ్చిన 14 కలిస్తేనే 64 అయ్యాయి. ఆ 18 జారిపోతే ప్రధాని పదవి గల్లంతే.

అయితే వీళ్లందర్నీ ఒకే గాటన కట్టకండి. స్మోట్రిచ్ వర్గం యువకులు సైన్యంలో గర్వంగా చేరతారు, వాళ్ల ధ్యాసంతా వెస్ట్ బ్యాంక్ భూమి మీద. మీరడిగినవాళ్లు హరేదీలు, అంటే మత నియమాల్ని తు.చ. తప్పక పాటించే ఛాందస యూదులు. వీళ్లలో షాస్‌ది అరబ్ దేశాల నుంచి వచ్చిన యూదుల అండ. 1984లో రబ్బీ (యూదు మతగురువు) ఒవాదియా యోసెఫ్ ఆశీస్సులతో పుట్టింది. రెండోది తూర్పు యూరప్ మూలాలున్నవాళ్లది. ఎవరితో పొత్తు పెట్టుకోవాలన్న మాట రెండుచోట్లా రబ్బీలదే. వాళ్లు కోరేవి కూడా కొన్నే: వేదపాఠశాలల్లాంటి యెషీవాలకు నిధులు, శుక్రవారం పొద్దు గూకాక మొదలై శనివారమంతా ఏ పనీ చేయకూడని సబ్బాత్ నియమాలు, పెళ్లి చట్టాలు. మిగతావి ప్రధాని ఇష్టం. ఇంత చవగ్గా దొరికే మిత్రుణ్ణి ఎవరు వదులుకుంటారు!

సబ్బాత్ విషయంలో ఎంత పట్టుదలో 1976 డిసెంబర్ చెబుతుంది. అమెరికా నుంచి మొదటి ఎఫ్-15 యుద్ధ విమానాలు శుక్రవారం దిగాయి. ప్రధాని రబిన్ స్వాగతోత్సవం పెట్టారు. అది ముగిసేసరికి పొద్దు గూకి సబ్బాత్ మొదలయ్యే వేళయింది. అతిథులు ఇళ్లకు చేరేలోపు సబ్బాత్ భంగమైందని అవిశ్వాస తీర్మానం వచ్చింది. ప్రభుత్వంలోనే ఉన్న మరో మతపార్టీ (హరేదీలది కాదు) నేషనల్ రిలిజియస్ పార్టీ ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయింది. రబిన్ వాళ్ల మంత్రుల్ని బయటికి పంపి, తానూ రాజీనామా చేశారు. 1977 ఎన్నికల్లో లికుడ్ నేత బెగిన్ గెలిచారు. రబిన్ పార్టీ లేబర్ ఓటమికి వేరే కారణాలూ బోలెడున్నాయనుకోండి, ముహూర్తం మాత్రం ఆ విమానాలు పెట్టినదే.

ఇక సైన్యం సంగతి. చాలావరకు నిజమే. 1948లో తొలి ప్రధాని బెన్‌గురియన్ 400 మంది యెషీవా విద్యార్థులకు మినహాయింపు ఇచ్చారు. హిట్లర్ చేతిలో నాశనమైన చదువుల్ని నిలబెట్టుకోవాలని వాళ్లు అడిగితే కాదనలేకపోయారు. బెగిన్ వచ్చాక ఆ పరిమితి ఎత్తేశారు. సంఖ్య వేలు దాటి పదుల వేలకు చేరింది. గాజా యుద్ధంలో రిజర్వు సైనికుల్ని మళ్లీ మళ్లీ పిలుస్తుంటే మిగతావాళ్లకు కడుపు మండదూ? చట్టమే లేకుండా మినహాయింపు చెల్లదు, వీళ్లనూ పిలవాల్సిందేనని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చేసింది.

నా మటుకు నాకు వీళ్ల బలం తగ్గుతోందనే అనిపిస్తోంది. బేరమాడేవాడు పక్క కొట్టుకు పోతానని బెదిరించగలగాలి. 1992లో షాస్ ఇదే రబిన్ ప్రభుత్వంలో చేరింది, మరుసటి ఏడాది పాలస్తీనియన్లతో కుదిరిన ఓస్లో ఒప్పందం మీద ఓటు వేయకుండా ఊరుకుంది. అప్పట్లో రెండు గుమ్మాలూ తెరిచే ఉండేవి. ఇప్పుడు నెతన్యాహు శిబిరం తప్ప దిక్కు లేకుండా చేసుకున్నారు. 2025 జులైలో సైనిక మినహాయింపు చట్టం తేలలేదని యునైటెడ్ తోరా జుడాయిజం ప్రభుత్వం నుంచి తప్పుకుంది. షాస్ మంత్రులూ రాజీనామా చేశారు. అయినా ప్రభుత్వాన్ని పడగొట్టబోమని షాస్ ఆ రోజే చెప్పేసింది.