చెకుముకి పిస్తోలు చేయవచ్చునా?

ప్రశ్న: నాకు వడ్రంగం, కమ్మరిపని కొంత వచ్చును. మూతి నుండి మందు కూరే పాతకాలపు పిస్తోలును స్వయంగా తయారు చేయవచ్చునా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: పేలేదిగా చేయకూడదు. మన పల్లెల్లో బర్మారు అని పిలిచే తుపాకీ జాతిదే ఇది; పద్ధతి ఎంత పాతదైనా, 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తయారు చేయడం నేరం, 2019 సవరణ తరువాత దానికి కనీస శిక్ష 7 ఏళ్లు.

అయితే పనివాడి నేర్పును అసలు పరీక్షించేది గొట్టం కాదు, పక్కనుండే చెకుముకి యంత్రం. మీట నొక్కగానే స్ప్రింగు సుత్తిని ముందుకు విసురుతుంది. దాని దవడల్లో బిగించిన చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుతూ దానిని మూతలా తెరుస్తుంది. రాలిన రవ్వలు కింది పళ్లెంలోని మందును అంటించగా, సన్నని రంధ్రం గుండా మంట గొట్టంలోకి పాకుతుంది. ఈ కదలికను మొత్తంగా కర్రలో చెక్కి, గొట్టానికి బదులు నిండు కర్రను అమర్చితే చక్కని ప్రదర్శన నమూనా అవుతుంది. నిర్మల్ బొమ్మల పొణికి కర్ర చెక్కడానికి హాయిగా ఉంటుంది గానీ కదిలే భాగాలకు ఆగదు, టేకు వాడండి. పిడి మీద నగిషీ రేకు కావాలంటే పెంబర్తి ఇత్తడి పనివారు మీకు దగ్గరే. నమూనాను బయటికి తీసుకువెళ్లేటప్పుడు మాత్రం పెట్టెలో పెట్టండి, దూరం నుండి చూసేవారికి అది కర్రదని తెలియదు.