"నాట్ ఓన్లీ" ఎక్కడ పెట్టాలి?

"హీ నాట్ ఓన్లీ స్పీక్స్ తెలుగు బట్ ఆల్సో తమిళ్" అన్న మీ వాక్యం ఎందుకు తేడాగా ఉందని అడిగారు కదా, ఆ లోపం "నాట్ ఓన్లీ" ఉన్న చోటుతోనే వచ్చింది. అది క్రియకు ముందుంది కాబట్టి "బట్ ఆల్సో" తర్వాత కూడా చదివేవాళ్లు మరో క్రియ కోసం చూస్తారు. మీరిచ్చింది భాష పేరు.

1. ముందు "బట్ ఆల్సో" తర్వాత ఏముందో చూడండి. చాలామంది వదిలేసేది ఇదే, వాక్యాన్ని మొదటి నుంచి దిద్దుకుంటూ వస్తారు. ఇక్కడున్నది "తమిళ్", అంటే నామవాచకం.

2. "నాట్ ఓన్లీ"ని దాని జంట నామవాచకం ముందుకు జరపండి: "హీ స్పీక్స్ నాట్ ఓన్లీ తెలుగు బట్ ఆల్సో తమిళ్."

3. మీరు చెప్పదలచుకున్నవి రెండు పనులైతే జరపక్కర్లేదు, రెండో క్రియ చేర్చండి: "హీ నాట్ ఓన్లీ స్పీక్స్ తెలుగు బట్ ఆల్సో రైట్స్ ఇట్."

మాటల్లోనైతే మీ మొదటి వాక్యం ఇంగ్లీషువాళ్ల నోటా వినిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. గ్రామర్ పరీక్షలో మాత్రం అది తప్పుకిందే లెక్క.

రెండు పనులు చెప్పే వాక్యాన్ని "నాట్ ఓన్లీ"తోనే మొదలుపెడితే సహాయక క్రియ (డిడ్ లాంటిది) కర్తకు ముందు రావాలి: "నాట్ ఓన్లీ డిడ్ హీ కమ్ లేట్, బట్ హీ ఆల్సో ఫర్గాట్ ద కీస్." డిడ్ వచ్చాక "కేమ్" కాదు, "కమ్".