అమ్మ కేస్ షీట్ బయటి మనిషి ఎందుకు చూశాడు?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మకు 63 ఏళ్లు. గుండె బలహీనపడి ఆయాసం, కాళ్ల వాపులు వస్తే విశాఖలోనే ఒక ఆసుపత్రిలో చూపిస్తున్నాం. ఇప్పటికే వాడుకలో ఉన్న రెండు మందుల్లో ఏది మేలో తేల్చే ట్రయల్‌లో అమ్మను చేర్చుకున్నారు. కంపెనీది కాదట, డాక్టర్లే చేస్తున్నారట. యూరప్‌లో రెండు దేశాల్లోనూ నడుస్తోందట. పోయిన వారం వెళ్తే ఎవరో బయటి మనిషి, ‘మానిటర్’ అట, అమ్మ కేస్ షీట్ ముందేసుకుని కూర్చున్నాడు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఏదైనా తేడా జరిగిందా? అమ్మ వివరాలు విదేశాలకు పోతున్నాయా? మానిపించేయాలా? అన్నట్టు, ఈమధ్య మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటోంది.

డాక్టర్ సలహా: ఆ మనిషి వచ్చాడని కంగారు పడకండి. ఎవరూ రాకపోతేనే నేను అనుమానించేవాణ్ణి.

మానిటర్ పని మీ అమ్మకు వైద్యం చేయడం కాదు, చేసేవాళ్ల లెక్కలు చూడడం. కేస్ షీట్‌లో ఉన్నదీ ట్రయల్ ఫారంలో ఎక్కించిందీ ఒకటేనా? అంగీకార పత్రం మీద సంతకం మొదటి రక్తపరీక్షకు ముందు పడిందా, తర్వాతా? చదువురాని పేషెంట్ వేలిముద్ర వేస్తే పక్కన ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి సంతకం ఉందా? ఇచ్చిన మాత్రలెన్ని, తిరిగొచ్చినవెన్ని? ఇలా ఉంటుంది వరస.

నేను పీజీలో ఉండగా ఒక ట్రయల్‌లో ఈ ఫారాలు నింపే పని నా నెత్తిన పడింది. ఒకాయన బరువు తప్పు రాసి, వైట్‌నర్ పూసి సరిచేశాను. మానిటర్‌గా వచ్చినావిడ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి, వెలుతురుకు ఎదురుగా పెట్టి కింది అంకె చదివేసింది. ‘తప్పు రాస్తే ఒక్క గీత కొట్టు, పాత అంకె కనబడాలి, పక్కన సంతకం, తేదీ’ అంది. అక్కణ్ణుంచి మందుల ఫ్రిజ్ దగ్గరకెళ్లి ఉష్ణోగ్రత చార్టు అడిగింది. ఆదివారాల గళ్లన్నీ ఖాళీ! నాకు చెమటలు పట్టాయి. ఆ రోజు తిట్టుకున్నాను గానీ, బరువును బట్టి డోసు ఇచ్చే మందుకు 62 కాస్తా 26 అయితే ఏమవుతుందో తర్వాత తెలిసొచ్చింది.

కంపెనీ ట్రయల్ అయితే ఈ తనిఖీకి డబ్బుకు కొదవ ఉండదు. డాక్టర్లు, యూనివర్సిటీలు సొంతంగా చేసేవాటికి గ్రాంటు డబ్బులే దిక్కు. అలాగని వీటిని చిన్నచూపు చూడకండి. యాక్సిడెంట్‌లో రక్తం పోతున్నవాళ్లకు 3 గంటల్లోపు ట్రానెగ్జామిక్ యాసిడ్ (రక్తస్రావాన్ని తగ్గించే మందు) ఇస్తే మరణాలు తగ్గుతాయని తేల్చిన క్రాష్-2 ట్రయల్‌ను నడిపింది లండన్‌లోని ఒక యూనివర్సిటీ బృందం. 40 దేశాల్లో 274 ఆసుపత్రులు, 20 వేల పైచిలుకు పేషెంట్లు. మన దేశం కూడా అందులో ఉంది. 2010లో ఫలితాలు వచ్చాయి, 3 గంటల లెక్క మరుసటి ఏడాది తేలింది.

అన్ని దేశాలకూ మానిటర్‌ను పంపాలంటే టిక్కెట్లకే గ్రాంటు చెల్లు. పంపినా, ఫిన్లాండ్ కేస్ షీట్ డెన్మార్క్ మనిషికి అర్థమవ్వాలిగా? అందుకే అక్కడివాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. డెన్మార్క్‌లో యూనివర్సిటీ ఆసుపత్రులను అంటిపెట్టుకుని మూడు ప్రభుత్వ తనిఖీ యూనిట్లున్నాయి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ వాళ్లతో కలిసి వీళ్లది ఒక నార్డిక్ మానిటరింగ్ నెట్‌వర్క్. ఏ దేశం మానిటర్ ఆ దేశంలోనే తిరుగుతాడు, చూసే పద్ధతి మాత్రం అందరిదీ ఒకటే. యూరప్ అంతటికీ ఇలాంటి పని చేసిపెట్టే ఎక్రిన్ అనే సంస్థ పారిస్‌లో ఉంది. అందరికీ ఆధారం ట్రయల్ ఎలా నడపాలో చెప్పే 1996 నాటి ‘గుడ్ క్లినికల్ ప్రాక్టీస్’ నియమాలు. వాటిని 2016లో, మళ్లీ 2025లో సవరించారు. ప్రతి కాగితాన్నీ తిరగేయడం కాదు, పేషెంటుకు ముప్పు ఎక్కడుందో అక్కడ గట్టిగా చూడమంటున్నాయి ఇప్పుడు. నాకిది నచ్చింది. మీరు చూసిన మనిషి కూడా తెలుగు అంగీకార పత్రం చదవగల మనవాడే అయ్యుంటాడు.

వివరాల సంగతి. పేరున్న కేస్ షీట్‌ను మానిటర్ ఆసుపత్రిలోనే చూడాలి, బయట నోరు మెదపకూడదు. బయటి దేశానికి వెళ్లాల్సింది పేరు తీసేసి, కోడ్ నంబరు వేసిన సమాచారమే. మీరు సంతకం పెట్టిన పత్రంలో ఈ మాట ఉండాలి. మీ కాపీ బీరువాలో ఎక్కడో ఉంటుంది, తీసి చూడండి. ఇవ్వలేదా? అడిగి తీసుకోండి, అది మీ హక్కు. అందులో ఎథిక్స్ కమిటీ (పేషెంట్ల భద్రత, హక్కులు చూసి ట్రయల్‌కు అనుమతిచ్చే కమిటీ) ఫోన్ నంబరు ఉంటుంది. సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు కూడా అడగండి. 2009 జూన్ నుంచి మన దేశంలో ట్రయల్ మొదలవకముందే ఆ రిజిస్ట్రీలో నమోదు కావాలి, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కొత్త మందులు, ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం, వాడుకలో ఉన్న మందుల మీద డాక్టర్లు చదువు, పరిశోధన కోసం చేసే ట్రయల్‌కు చాలావరకు ఎథిక్స్ కమిటీ అనుమతి సరిపోతుంది. అంటే ఢిల్లీలోని డ్రగ్స్ కంట్రోలర్ దాకా ఫైలు వెళ్లకపోవచ్చు. అందుకే ఆ కమిటీ, ఈ మానిటర్ గట్టిగా ఉండాలి.

మానేయాలనుకుంటే ఎప్పుడైనా మానేయొచ్చు, మామూలు వైద్యం ఆపరు. కానీ మాత్రలు మాత్రం ఇంట్లో మీ అంతట మీరు ఆపకండి. గుండె మందులు ఉన్నట్టుండి ఆపితే ఆయాసం తిరగబెడుతుంది.

ఇక చివర్లో ‘అన్నట్టు’ అని రాశారే, మీ ఉత్తరంలో నన్ను ఆపింది అదే. కళ్లు తిరగడం బీపీ పడిపోవడం వల్ల కావచ్చు, ఒంట్లో నీరు, సోడియం తగ్గడం వల్ల కావచ్చు. ‘చెబితే ట్రయల్ నుంచి తీసేస్తారేమో’ అని దాచే పెద్దవాళ్లను చాలామందిని చూశాను. రేపటి దాకా ఆగకుండా ఇవాళే ట్రయల్ డాక్టర్‌కు ఫోన్ చేయండి. పడుకున్నప్పుడూ, లేచి నిలబడ్డాకా రెండుసార్లు బీపీ చూడమనండి, సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలు కూడా. ఈలోగా అమ్మను మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి లేపండి, రాత్రి బాత్‌రూమ్‌కు తోడు వెళ్లండి. పడిపోయినా, స్పృహ తప్పినా దగ్గర్లో ఏ ఎమర్జెన్సీ ఉంటే అక్కడికే తీసుకెళ్లి, ట్రయల్ కాగితాలు, మాత్రల డబ్బా డ్యూటీ డాక్టర్ చేతిలో పెట్టండి.