ఆర్డర్ల టేబుల్‌లో కాలమ్‌ల వరస

ప్రశ్న: మా ఆర్డర్ల టేబుల్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంది. కోటి రికార్డులు. పెయిడ్ బూలియన్, ఐడీ బిగ్‌ఇంట్, స్టేటస్ స్మాల్‌ఇంట్, తేదీ టైమ్‌స్టాంప్, క్వాంటిటీ ఇంటీజర్, ఈ వరసలో కాలమ్‌లున్నాయి. అన్నీ నాట్ నల్, అంటే ఏదీ ఖాళీగా ఉండదు. వరస మారిస్తే క్వెరీలు వేగంగా నడుస్తాయంటున్నారు. సెలెక్ట్‌లో పేర్లు అటూ ఇటూ మార్చి చూశాను, ఏ తేడా లేదు. నిజమేనా?

జవాబు: నిజమే, కానీ సెలెక్ట్‌లో వరసకు, వేర్‌లో షరతుల వరసకు దీంతో సంబంధం లేదు. క్రియేట్ టేబుల్‌లో రాసిన వరసలోనే పోస్ట్‌గ్రెస్ డిస్కు మీద కాలమ్‌లను పేరుస్తుంది. 8 బైట్ల కాలమ్ 8తో భాగించబడే చోటే మొదలవ్వాలి. కుదరకపోతే ముందు ఖాళీ బైట్లు నింపుతుంది.

మీ టేబుల్‌నే లెక్కగడదాం. బూలియన్ 1 బైటు, ఆ వెంటనే 7 ఖాళీ. బిగ్‌ఇంట్ 8. స్మాల్‌ఇంట్ 2, మళ్లీ 6 ఖాళీ. టైమ్‌స్టాంప్ 8, ఇంటీజర్ 4. మొత్తం 36, అందులో 13 వృథా. ప్రతి రికార్డు ముందూ పోస్ట్‌గ్రెస్ రాసుకునే హెడర్ 24 కలిపి 8 గుణిజానికి పెంచితే 64. అదే బిగ్‌ఇంట్, టైమ్‌స్టాంప్, ఇంటీజర్, స్మాల్‌ఇంట్, బూలియన్ అని రాస్తే డేటా 23 బైట్లే, హెడర్‌తో సహా 48. పేజీలో రికార్డు ఎక్కడుందో చెప్పే 4 బైట్ల పాయింటర్ ప్రతి రికార్డుకూ అదనం. అంటే పోస్ట్‌గ్రెస్ ఒకేసారి చదివే 8 కేబీ పేజీలో ఇప్పుడు 120 రికార్డులు పడుతుంటే, అప్పుడు 157 పడతాయి. కోటి రికార్డులకు 650 ఎంబీ కాస్తా 500 ఎంబీ అవుతుంది. టేబుల్ మొత్తం చదివే రిపోర్టులకు ఇది బాగా తెలుస్తుంది. ఐడీతో ఒక్క రికార్డు తెచ్చుకునే క్వెరీకి తెలియదు.

టెక్స్ట్, న్యూమరిక్ లాంటి పొడవు మారే కాలమ్‌లుంటే చివర పెట్టండి. వాటి తర్వాతి కాలమ్ ఎక్కడ మొదలవుతుందో ప్రతి రికార్డులో విడిగా లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

కొత్త టేబుల్ అయితే తప్పకుండా ఇలాగే రాయండి. నడుస్తున్న టేబుల్‌ను 150 ఎంబీ కోసం కదపమని మాత్రం చెప్పం. వరస మార్చే ఆల్టర్ కమాండ్ పోస్ట్‌గ్రెస్‌లో లేదు. కొత్త టేబుల్ కట్టి, డేటా కాపీ చేసి, ఇండెక్స్‌లు, ఫారిన్ కీలు, పర్మిషన్లు మళ్లీ పెట్టాలి. ఐడీ నంబర్లిచ్చే కొత్త ఐడెంటిటీ సీక్వెన్స్ 1 నుంచి మొదలవుతుంది. దాన్ని సెట్‌వాల్ ఫంక్షన్‌తో గరిష్ఠ ఐడీకి జరపకపోతే పాత ఐడీలతో ఢీకొని డూప్లికేట్ కీ ఎర్రర్ వస్తుంది. కాలమ్ పేర్లు లేకుండా రాసిన ఇన్సర్ట్‌లు కూడా తప్పుతాయి.

ఈ లెక్క మైఎస్‌క్యూఎల్‌కు పనికిరాదు. అందులో డేటా దాచే ఇన్నోడీబీ ఇంజిన్ ఇలా ఖాళీ బైట్లు నింపదు.

ప్రశ్న: మరి ఇండెక్స్‌లో వరస?

జవాబు: ముందు చూడాల్సింది అదే. ఒకే స్టేటస్, గత నెల తేదీలు అడిగే క్వెరీకి స్టేటస్ ముందు, తేదీ తర్వాత పెట్టండి. కావాల్సిన ఎంట్రీలన్నీ ఇండెక్స్‌లో పక్కపక్కనే దొరుకుతాయి. తేదీ ముందుంటే నెల మొత్తం ఎంట్రీలు చదివి, స్టేటస్ కలవనివి వదిలేయాలి. సమానం అడిగే కాలమ్ ముందు, పరిధి అడిగేది తర్వాత. అయితే తేదీ ఒక్కటే అడిగే క్వెరీలకు ఈ ఇండెక్స్ పెద్దగా అక్కరకు రాదు. పోస్ట్‌గ్రెస్ 18లో వచ్చిన స్కిప్ స్కాన్ (ఒక్కో స్టేటస్ విలువ దగ్గరకు దూకి వెతకడం) స్టేటస్ విలువలు కొన్నే ఉన్నప్పుడు కొంత ఆదుకుంటుంది.

మార్చే ముందూ తర్వాతా, క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్‌కు అనలైజ్, బఫర్స్ జోడించి నడపండి. టైమ్ కాష్‌ను బట్టి మారుతుంటుంది కాబట్టి హిట్ (కాష్‌లో దొరికిన), రీడ్ (బయటి నుంచి చదివిన) పేజీల సంఖ్యలు కలిపి పోల్చండి.