ఎం ఫ్రిగేట్లను నెదర్లాండ్స్ ఎందుకు అమ్ముకుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: నెదర్లాండ్స్ 1990లలో ప్రవేశపెట్టిన ఎనిమిది బహుళ ప్రయోజన ఫ్రిగేట్లలో (ఫ్రిగేట్ అంటే మధ్యస్థాయి యుద్ధనౌక), అంటే అక్కడివాళ్ళు ఎం ఫ్రిగేట్లని పిలిచే కారెల్ డోర్మన్ తరగతి నౌకల్లో, ఆరింటిని ఇరవై ఏళ్ళు నిండకుండానే పరాయి దేశాలకు ఎందుకు అమ్మేసింది, అంత తొందరగా వదిలించుకున్నదంటే వాటిలో ఏదో లోపం ఉండి ఉండాలి కదా, కొన్నవాళ్ళు మోసపోయారా అని. నాకు తెలిసినంతలో కొన్నవాళ్ళెవరూ మోసపోలేదు. తొందరపడినవాళ్ళంటూ ఉంటే అది అమ్మినవాళ్ళే.

నేను భారత నావికాదళంలో ఇంజన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా, అంటే ఓడ యంత్రాలు చూసుకునే మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను; సర్వీసులో ఎక్కువ కాలం విశాఖలోనే గడిచింది, అందులో కొన్నేళ్ళు విదేశం నుంచి కొన్న ఒక పాత ఓడలో గడిచాయి. 2019 వేసవిలో నెదర్లాండ్స్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, డెన్ హెల్డర్ నౌకాశ్రయంలో ప్రజల సందర్శన కోసం తెరిచిన రోజున, డచ్‌వాళ్ళు తమకోసం ఉంచుకున్న రెండు ఎం ఫ్రిగేట్లలో ఒకదాని మీద ఓ పూటంతా తిరిగాను. ఇంజన్ గదిలోకి మాత్రం ఎంత బతిమాలినా రానివ్వలేదు.

ఈ ఓడల నిర్మాణంలో లోపమేమీ లేదు. ఎనిమిదింటినీ ఫ్లిస్సింగెన్‌లోని డి స్కెల్డె యార్డులో కట్టారు. 1991 నుంచి 1995 లోపు అన్నీ సర్వీసులో చేరాయి. పొడవు 122 మీటర్లు, పూర్తి లోడుతో బరువు సుమారు 3,300 టన్నులు, సిబ్బంది నూట యాభై మందికి కొంచెం పైన. అసలు పని ఉత్తర అట్లాంటిక్‌లో సోవియట్ జలాంతర్గాములను వెతకడం. అయితే దానితోపాటు హార్పూన్, సీ స్పారో క్షిపణులు, 76 మిల్లీమీటర్ల తుపాకీ, హెలికాప్టర్ కూడా ఉండటంతో ఏ పనికైనా పంపగలిగే ఓడగా తయారైంది. సీ స్పారో గొట్టాలు పదహారింటినీ హ్యాంగర్ ఎడమ గోడకు ఆనించి నిలువుగా బిగించిన తీరు చూస్తే, చిన్న ఇంట్లో మెట్ల కింద చోటునూ వదలకుండా అలమార కట్టించుకున్న ఇల్లాలు గుర్తొచ్చింది. ప్రయాణానికి రెండు డీజిల్ ఇంజన్లు, పరుగుకు రెండు రోల్స్ రాయిస్ స్పే గ్యాస్ టర్బైన్లు. ఈ రెండు రకాల్లో ఒక సమయంలో ఒకటే నడుస్తుంది.

దురదృష్టం ఏమిటంటే, మొదటి ఓడ సర్వీసులో చేరిన 1991లోనే సోవియట్ యూనియన్ కూలిపోయింది. ఏ జలాంతర్గాముల కోసం ఈ ఓడలు కట్టారో అవి రేవుల్లోనే తుప్పు పట్టసాగాయి. ఆ తర్వాత డచ్ నావికాదళానికి వచ్చిన పనులు వేరు: కరీబియన్‌లో మాదక ద్రవ్యాల పడవలను పట్టుకోవడం, దూర దేశాలకు సైన్యాన్ని, సరుకును చేరవేయడం వంటివి. రెండు ఓడలను చిలీకి ఇచ్చే ఒప్పందం 2004లోనే కుదిరింది. 2005లో నావికాదళ భవిష్యత్తు మీద జరిగిన అధ్యయనం మరో నాలుగింటిని అమ్మి, హాలండ్ తరగతి గస్తీ నౌకలు నాలుగు, ఒక పెద్ద సహాయక నౌక సమకూర్చుకోవాలని తేల్చింది. ఆ సహాయక నౌకకు పెట్టిన పేరు కూడా కారెల్ డోర్మనే. అదే పేరున్న ఫ్రిగేట్ అప్పటికే బెల్జియం చేతికి వెళ్ళి లియోపోల్డ్ 1 అయిపోయింది కనుక పేరు ఖాళీగా ఉంది.

అంటే అమ్మకానికి వచ్చింది అరిగిపోయిన ఓడ కాదు, యజమానికి అప్పటికి పనిలేని ఓడ. సాధారణంగా ముప్ఫయ్యేళ్ళు నడవగల యుద్ధనౌక పన్నెండు, పదిహేనేళ్ళ వయసులో, నడుస్తున్న స్థితిలో, సిబ్బందికి శిక్షణతో సహా దొరకడం కొనేవాడికి అరుదైన అవకాశం. ఉక్కు ఎంతకాలం ఉంటుందో తెలియాలంటే మరో డచ్ ఓడ కథ చూడండి: కోర్టెనార్ తరగతికి చెందిన పీట్ హెయిన్ ఫ్రిగేట్‌ను ఎమిరేట్స్‌కు అమ్మారు, అక్కడ సర్వీసు ముగిశాక ఆ ఓడనే 141 మీటర్ల యాస్ అనే విలాస నౌకగా మార్చేశారు!

అలాగని డబ్బున్న ప్రతివాడికీ ఇలాంటి ఓడ అమ్మరు. హార్పూన్, సీ స్పారో అమెరికా ఆయుధాలు కనుక వాటిని ఇంకో దేశానికి బదిలీ చేయాలంటే వాషింగ్టన్ అనుమతి కావాలి. చిలీ, బెల్జియం, పోర్చుగల్ మాత్రమే ఈ జాబితాలో ఉండటానికి అదొక కారణం.

ముగ్గురిలో తెలివైన బేరం చేసింది బెల్జియమే అని నా అభిప్రాయం. 2005 డిసెంబరులో ఒప్పందం చేసుకుని తెచ్చుకున్న రెండు ఓడలకు లియోపోల్డ్ 1, లూయిజ్ మారీ అని పేర్లు పెట్టారు. వాటి కోసం ఖాళీ చేసిన పాత వీలింగెన్ తరగతి ఫ్రిగేట్లను బల్గేరియాకు అమ్మారు, అంటే సెకండ్ హ్యాండ్ ఓడ కొని తమ సెకండ్ హ్యాండ్ ఓడను ఇంకొకరికి అంటగట్టారన్నమాట. అసలు లాభం అది కాదు. డచ్, బెల్జియన్ నావికాదళాల నిర్వహణ కార్యాలయం 1996 నుంచి డెన్ హెల్డర్‌లో ఉమ్మడిగా నడుస్తోంది. ఫ్రిగేట్ల శిక్షణ, మరమ్మతులు డచ్‌వాళ్ళు చూస్తారు, మందుపాతరలు ఏరే నౌకల సంగతి బెల్జియన్లు చూస్తారు. కాబట్టి బెల్జియం రెండు ఓడలు మాత్రమే కొనలేదు, వాటి వెనక ఉన్న వర్క్‌షాపు, స్టోర్లు, మెకానిక్కులు అన్నీ ఓడలతోపాటు దక్కాయి.

దీని విలువ నాకు తెలిసినంత బాగా కాగితాల మీద లెక్కలు వేసేవాళ్ళకు తెలియదు. నేను పనిచేసిన పాత ఓడలో బోల్టులన్నీ అంగుళాల కొలత, మా టూల్ రూములో స్పానర్లన్నీ మిల్లీమీటర్లవి. 13 స్పానర్ అరంగుళం నట్టుకు దాదాపుగా సరిపోతుంది. ఆ దాదాపే ప్రాణం తీస్తుంది, ఎందుకంటే గట్టిగా బిగిసిన నట్టు రెండోసారికి అంచులు అరిగి గుండ్రంగా తయారవుతుంది, ఆ పైన ఉలి పెట్టి కొట్టడం తప్ప గత్యంతరం ఉండదు. ఒకసారి సముద్రపు నీటి పంపుకు వేయాల్సిన ఒక్క సీలు కోసం, అమ్మిన దేశం ఆ నమూనా వాడటం మానేసి చాలా కాలమైందని చెప్పడంతో, డాక్‌యార్డులో లేతు మీద కొత్తది తీయించుకునేదాకా మూడు వారాలు జెట్టీకి కట్టేసి కూర్చున్నాం. అమ్మినవాడు ఆ ఓడను ఇంకా నడుపుతున్నాడా లేదా అన్నది కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న అని అప్పుడే అర్థమైంది.

ఆ లెక్కన చిలీ కూడా తక్కువ తినలేదు. దూరం మూలంగా బెల్జియం లాగా డెన్ హెల్డర్ మీద ఆధారపడలేకపోయినా, బ్లాంకో ఎంకలాడా, రివెరోస్ అని పేరు మార్చుకున్న ఈ రెండు ఓడలతోపాటు బ్రిటన్ నుంచి మూడు టైప్ 23 ఫ్రిగేట్లనూ కొన్నది. వాటిలో ఉన్నవీ స్పే టర్బైన్లే. ఐదు ఓడలకూ ఒకే కుటుంబపు టర్బైన్లు ఉండటం ఎంత సుఖమో ఇంజన్ గదిలో పనిచేసినవాళ్ళు చెబుతారు.

ఇక పోర్చుగల్ 2009లో వాన్ నెస్‌ను, 2010లో వాన్ గాలెన్‌ను తీసుకుంది. నేను డెన్ హెల్డర్‌లో ఉన్న రోజున డచ్ ఓడ డెక్ మీద నిలబడి చూస్తే, అదే రేవులో కొంచెం అవతల అచ్చు అలాంటి ఓడే మరొకటి పరంజీల మధ్య కనిపించింది, పక్కన ఎఫ్ 333 అని వేరే నంబరు. అది వాన్ నెస్, ఇప్పుడు బార్తొలొమేవు డియాస్. ఆధునికీకరణ కోసం మళ్ళీ పుట్టింటికే వచ్చింది. మాకు ఓడ చూపిస్తున్న నావికురాలు పాతికేళ్ళ పిల్ల. ఆ ఓడ ఒకప్పుడు తమదేనని ఆమెకు మేం అడిగితేనే గుర్తొచ్చినట్టుంది.

అమ్మినవాళ్ళ మాటకొస్తే, చేతిలో మిగిలింది వాన్ ఆమ్‌స్టెల్, వాన్ స్పైక్ అనే రెండు ఎం ఫ్రిగేట్లు, వాటికి తోడు ప్రధానంగా గగనతల రక్షణ కోసం కట్టిన డి జేవెన్ ప్రొవింసియెన్ తరగతివి నాలుగు. రష్యా జలాంతర్గాములు మళ్ళీ అట్లాంటిక్‌లో చురుగ్గా తిరగడం మొదలయ్యేసరికి, వాటిని వెతకడానికే పుట్టిన ఓడలు ఎనిమిదికి రెండయ్యాయి. కొత్త జలాంతర్గామి వేట ఫ్రిగేట్లను బెల్జియంతో కలిసి చెరి రెండు కట్టించుకోవడానికి ఒప్పందం మీద సంతకాలు పడింది 2023లో.