సైకిలు, సెన్సర్, సొంత చదువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. రోజూ ఉదయం సైకిలు తొక్కుతాను. తీరిక వేళల్లో ఎలక్ట్రానిక్స్, కొత్త ప్రోగ్రామింగ్ భాష, డిజిటల్ పటాల తయారీ అంటూ చాలా మొదలుపెట్టాను గానీ ఏదీ కడదాకా సాగలేదు. ఆన్‌లైన్ కోర్సులు మూడో నాలుగో పాఠం దగ్గర ఆగిపోతున్నాయి. చెప్పేవారు లేకుండా ఇవి పట్టుబడతాయా? పట్టుబడేటట్లయితే దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: మీరు సైకిలును వ్యాయామం పద్దులోనూ, మిగిలినవాటిని చదువు పద్దులోనూ వేశారు. చిక్కంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. పాఠంతో మనకు నిత్యం పని పడనప్పుడు అది మధ్యలో ఆగిపోవడంలో వింత లేదు. మీ సైకిలుకు పనికొచ్చే వస్తువు ఒకటి తలపెట్టి, అది పూర్తి కావడానికి ఎంత ఎలక్ట్రానిక్స్, ఎంత ప్రోగ్రామింగ్ కావాలో అంతే నేర్చుకోండి. మొదటి పనిగా నేను వేగమాపకాన్ని సూచిస్తాను. కొనుక్కుంటే దొరికే పరికరం మీరు చేసేదానికన్నా నిస్సందేహంగా బాగుంటుంది. అయినా చేయమనడానికి కారణం, ఇంత చిన్న వస్తువులో అన్ని చిక్కులు దాగి ఉండటమే.

ముందు చక్రం స్పోకుకు చిన్న అయస్కాంతాన్ని, దానికి ఎదురుగా చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు, అయస్కాంతం దగ్గరికి రాగానే కలిసే రీడ్ స్విచ్‌ను బిగించి, ఆ స్విచ్ తీగలను ఆర్డుయినో వంటి మైక్రోకంట్రోలర్ బోర్డుకు (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న కంప్యూటర్ పలకకు) కలిపితే, చక్రం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ బోర్డుకు ఒక సంకేతం అందుతుంది. చక్రం చుట్టుకొలతను రెండు సంకేతాల నడుమ గడిచిన కాలంతో భాగిస్తే వేగం వస్తుంది. చుట్టుకొలతను పట్టికల్లో చూసి వేయకండి. టైరు మీదా నేల మీదా సుద్దతో గీత పెట్టి, సైకిలు ఎక్కి కూర్చుని సరిగ్గా ఒక చుట్టు ముందుకు నడిపి, ఆ దూరాన్ని టేపుతో కొలవండి. మనిషి బరువుకు టైరు కొంత అణగుతుంది కాబట్టి మీ సైకిలుకు ఈ కొలతే సరైనది. 700×28 టైరుకు అది 2.13 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చుట్టుకు 0.3 సెకను పడితే సెకనుకు 7.1 మీటర్లు, అంటే గంటకు సుమారు 25.5 కిలోమీటర్లు.

ఇంతవరకు బడి లెక్కే. చక్రాన్ని గాలిలోకి లేపి చేత్తో తిప్పినప్పుడు అసలు పాఠం మొదలవుతుంది: తెర మీద ఉన్నట్టుండి గంటకు వేల కిలోమీటర్ల వేగం కనబడుతుంది. స్విచ్ లోపలి లోహపు రేకులు ఒక్కసారి తాకి ఊరుకోవు. తాకి, ఎగిరి, మళ్లీ తాకుతాయి. ఆ క్షణకాలపు కంపనాన్ని బోర్డు మరో చుట్టుగా లెక్కవేస్తుంది. ఒక సంకేతం వచ్చాక 50 మిల్లీసెకన్లలోపు వచ్చే మరో సంకేతాన్ని పట్టించుకోవద్దని ప్రోగ్రాములో రాస్తే ఈ తప్పు పోతుంది. ఆ హద్దు ఎందుకు సురక్షితమో మీరే లెక్కవేసుకోవచ్చు: 50 మిల్లీసెకన్లకు ఒక చుట్టు తిరగాలంటే సైకిలు గంటకు 150 కిలోమీటర్లు దాటి పోవాలి. ఇది సర్దుకున్నాక మరొకటి బయటపడుతుంది. మీరు సైకిలు ఆపేసినా తెర మీద చివరి వేగం అలాగే నిలిచిపోతుంది, ఎందుకంటే చక్రం తిరగనప్పుడు కొత్త సంకేతం రాదు, సంకేతం రానిదే మీ ప్రోగ్రాము లెక్క మార్చదు. మూడు సెకన్లపాటు ఏ సంకేతమూ రాకపోతే వేగాన్ని సున్నా చేయమని విడిగా చెప్పాలి. ఇంటరప్టులు (సంకేతం రాగానే చేస్తున్న పని ఆపి దాన్ని అందుకునే ఏర్పాటు), టైమర్లు అనే అధ్యాయాలను కోర్సులో విసుగ్గా దాటేసిన వారికి కూడా ఈ దశలో అవి తప్పనిసరి అవుతాయి.

తరువాత, కొనుక్కున్న బ్లూటూత్ సెన్సర్ నుంచి వేగం చదివే ప్రోగ్రాము రాయండి. ఆ సెన్సర్ వేగాన్ని పంపదు. ఇప్పటివరకు చక్రం తిరిగిన చుట్ల సంఖ్యను, చివరి చుట్టు పడిన సమయాన్ని మాత్రమే పంపుతుంది. ఆ సమయం సెకనులో 1,024వ వంతు లెక్కన 16 బిట్ల సంఖ్యగా ఉంటుంది కాబట్టి, 65,536 దాకా పోకుండానే, అంటే 64 సెకన్లకొకసారి, మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఈ సంగతి తెలియక రాసిన ప్రోగ్రాములో నిమిషానికోసారి వేగం రుణసంఖ్యగా మారి సైకిలు వెనక్కి పోతున్నట్టు చూపుతుంది.

చెప్పేవారు లేకుండా సాధ్యమా అని అడిగారు. రైట్ సోదరులు సైకిళ్లు తయారుచేసి అమ్మినవారు, ఇద్దరూ కళాశాల ముఖం చూడనివారు. 1901లో వారు ఒక సైకిలు హ్యాండిల్ ముందు మరో చక్రాన్ని అడ్డంగా బిగించి, దానికి రెక్క నమూనానూ బల్లపరుపు పలకనూ తగిలించి, వేగంగా తొక్కి, ఎదురుగాలికి చక్రం ఎటు తిరుగుతుందో గమనించారు. రెక్కల మీద గాలి చూపే బలం గురించి అచ్చులో ఉన్న పట్టికల మీద అనుమానం బలపడటంతో, మరింత కచ్చితమైన కొలతల కోసం గాలి సొరంగాన్ని నిర్మించుకున్నారు. విమానం ఎగిరింది 1903 డిసెంబరులో. అయితే వారు ఎవరినీ అడగకుండా కూర్చోలేదు. 1899లోనే పుస్తకాల వివరాలు కోరుతూ స్మిత్‌సోనియన్ సంస్థకు ఉత్తరం రాశారు, ఇంజినీరు ఆక్టేవ్ షనూట్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపారు. మీరూ పనిలో ఎక్కడ ఆగారో తేల్చుకుని, ఆ ఒక్క విషయమే తెలిసినవారిని అడగండి. “ఎలక్ట్రానిక్స్ నేర్పండి” అంటే ఎవరూ జవాబు చెప్పలేరు. “స్విచ్ ఒకసారి నొక్కితే రెండు సంకేతాలు ఎందుకు వస్తున్నాయి” అంటే చెప్పడానికి చాలామంది ముందుకొస్తారు.

ప్రశ్న: కోడ్ రాయడం నాకు బాగానే వచ్చు, పానా పట్టుకోవాలంటే మాత్రం భయం. సైకిలు మరమ్మతులో ముందుగా ఏం నేర్చుకోవాలి? ఏదైనా పాడుచేస్తానేమో అనే బెంగ ఎలా పోతుంది?

జవాబు: పంచర్ వేయడం ముందు నేర్చుకోండి, దాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఆ తరువాత విప్పే పనికి పోకుండా కొలిచే పనితో మొదలుపెట్టండి, కొలిస్తే ఏదీ పాడవదు. చెయిన్‌లో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఉక్కు స్కేలు సున్నా గీతను ఒక పిన్ను మధ్యన పెట్టి, చెయిన్‌ను బిగువుగా ఉంచి చూస్తే, కొత్త చెయిన్‌లో ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీదికి వస్తుంది. వాడుతున్న కొద్దీ పిన్నులూ అవి తిరిగే చోట్లూ అరిగి చెయిన్ మొత్తం పొడవు పెరుగుతుంది. ఆ పిన్ను గీతను ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటితే చెయిన్ మార్చే వేళ అయినట్టే. మూడు మిల్లీమీటర్లు దాటేదాకా ఊరుకుంటే వెనక చక్రం పళ్లు కూడా అరిగిపోయి, కొత్త చెయిన్ వేసినా ఆ పళ్ల మీద జారుతుంది.

విప్పే పనుల్లో మొదటిది పెడల్. కుడి పెడల్‌కు మామూలు మర, ఎడమ పెడల్‌కు ఎదురు మర ఉంటాయి. ఈ సంగతి తెలియక ఎడమ పెడల్‌ను బలమంతా ఉపయోగించి మరింత బిగించేవారే ఎక్కువ. పానా పిడిని పైకి నిలబెట్టి, సైకిలు వెనక వైపుకు లాగితే రెండు పెడళ్లూ వదులవుతాయని గుర్తుంచుకుంటే చాలు, ఏది ఏ మరో తలచుకోనవసరం లేదు.

కోడ్ రాసేవారికి బాగా నచ్చే పని చక్రం బెండు తీయడం. సైకిలును బోర్లించి, బ్రేకు రబ్బరును ఆనవాలుగా పెట్టుకుని చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే రిమ్ము ఎక్కడ పక్కకు పోతున్నదో కనబడుతుంది. రిమ్ము ఎడమకు పోయిన చోట హబ్ (చక్రం మధ్య భాగం) కుడి వైపు నుంచి వచ్చే స్పోకును కొద్దిగా బిగించాలి, లేదా ఎడమ వైపు స్పోకును వదులు చేయాలి. స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టును నిపుల్ అంటారు. దాన్ని ఒక విడతకు పావు చుట్టుకు మించి తిప్పకుండా, తిప్పిన ప్రతిసారీ చక్రాన్ని మళ్లీ చూసుకోవాలి. ఒకేసారి నాలుగు చోట్ల మార్చినవారికి, కోడ్‌లో లాగే, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో అంతుబట్టదు. తిప్పే ముందు ఆ స్పోకు మీద చిన్న టేపు ముక్క అంటించి, ఎటు ఎంత తిప్పారో రాసుకుంటే వెనక్కి రావడం సులువు.

బ్రేకులు, హ్యాండిల్ బిగింపు, ఫోర్కు మాత్రం వేరే సంగతి. వాటిని మీరు విప్పి బిగించినా, రోడ్డెక్కే ముందు అనుభవం ఉన్న మెకానిక్కు చేత చూపించుకోండి. కార్బన్ భాగాలను టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) లేకుండా ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఒకే దారిలో వెళ్లివచ్చినా నేను వాడే రెండు యాప్‌లు ఎక్కిన మొత్తం ఎత్తును వేరువేరుగా చూపుతున్నాయి. ఏది నమ్మాలి? అంకెల పిచ్చిలో పడి తొక్కే సరదా పోగొట్టుకుంటున్నానని మా అన్నయ్య అంటున్నాడు.

జవాబు: జీపీఎస్‌కు నేల మీది స్థానం కన్నా ఎత్తు చెప్పడం కష్టం. చదునైన రోడ్డు మీద కూడా ఎత్తు 50, 52, 50, 52 మీటర్లంటూ ఊగుతుంది. పైకి పోయిన ప్రతి రెండు మీటర్లనూ కూడుకుంటూ పోయే ప్రోగ్రాము, అలాంటి ఊపులు వంద వస్తే, లేని కొండను 200 మీటర్లు ఎక్కించేస్తుంది. అందుకే కొన్ని యాప్‌లు చిన్న ఊపులను వదిలేస్తాయి. ఎంత చిన్నవి వదలాలన్న హద్దు ఒక్కో యాప్‌కు ఒక్కోలా ఉంటుంది. వాయుపీడనంతో ఎత్తు కొలిచే పరికరాలు దీనికన్నా నిలకడైనవి. సముద్రమట్టానికి దగ్గరలో వాయుపీడనంలో ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తేడా సుమారు ఎనిమిది మీటర్లతో సమానం. కాకపోతే మబ్బు పట్టి పీడనం మారినప్పుడు ఇవి కూడా తప్పు చెబుతాయి.

మీ యాప్ నుంచి ప్రయాణించిన దారి నమోదయ్యే జీపీఎక్స్ ఫైలును దించుకుని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం చదవగలిగే అక్షరాల్లోనే ఉంటాయి. పైథాన్‌లో ఓ పాతిక వరుసలు రాసి, రెండు మీటర్ల హద్దుతో ఒకసారి, పది మీటర్ల హద్దుతో మరొకసారి మొత్తం ఎత్తు లెక్కవేస్తే, ఒకే ప్రయాణానికి రెండు జవాబులు మీరే పుట్టించగలరు. అందువల్ల రెండు యాప్‌లలో నిజం చెప్పేది ఏదని వెతకకండి. ఈ నెలను పోయిన నెలతో పోల్చాలంటే పరికరం, యాప్ మార్చకుండా ఉంచితే సరిపోతుంది.

మీ అన్నయ్యగారి మాటలో సగం న్యాయం ఉంది. తొక్కుతూ తెర చూడటం సరదా సంగతి అటుంచి ప్రమాదకరం కూడా. ఫోన్ తెర ఆర్పి జేబులో పెట్టుకోండి, నమోదు దాని పాటికి అది సాగుతుంది. ఇంటికి వచ్చాక ఆ ఫైలుతో కుస్తీ పట్టడం పూర్తిగా వేరే సరదా. అందులో అన్నయ్యగారికి అభ్యంతరం ఎందుకుండాలో నాకు తోచడం లేదు.